అవ్వ వాకిట నేర్చుకొన్న పాఠము

ఈ నెల అధ్యయనాంశము: ఆతిథ్యము
చదువవలసిన భాగములు: ఆదికాండము 18:1–8, 1 రాజులు 17:8–16, లూకా 14:12–14, గలతీయులకు 2:11–14, 3 యోహాను పత్రిక

పైన ఇచ్చిన భాగములను ముందుగా ఇంటిలో కుటుంబముతో కలిసి చదువుకొని, ఆ తరువాత ఈ పాఠము చూడవలెనని మనవి. కూటములో దీనిని చర్చించుకొనుటకు చివర కొన్ని ప్రశ్నలు ఇచ్చియున్నాను.

ఆతిథ్యమును గూర్చి నేను పుస్తకములలో చదివినది కొద్ది. ఒక ముసలమ్మ వాకిట కూర్చుండి నేర్చుకొన్నది ఎక్కువ. ఆమె మా అమ్మను కన్న తల్లి. మేము అవ్వ అని పిలిచేవాళ్లము. ఆమె బాప్టిస్టు కాదు, మెథడిస్టు. పసిబిడ్డగా ఉండగా తలమీద నీళ్లు చిలకరించి బాప్తిస్మము ఇచ్చిన సంఘములో పుట్టి, ఆ సంఘములోనే 1994లో ప్రభువునందు నిద్రించినది. మన పత్రికలో ఒక మెథడిస్టు అవ్వను గూర్చి పాఠమేమిటని కొందరికి అనిపించవచ్చును. చివరివరకు చదివి ఆ తరువాత చెప్పుడి.

1. ముందు నీళ్లు, తరువాత పేరు

మా అవ్వది బాగేపల్లి ప్రాంతములోని పాతపాళ్య. ఆ రోజులలో అది కోలారు జిల్లా; 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడినప్పుడు ఆ ప్రాంతము అందులో కలిసినది. రాష్ట్రము కర్ణాటక అయినను ఇంటిలో, పొలములో, సంతలో మాట అంతా తెలుగే. బడిలోను కచేరీలోను మాత్రము కన్నడము. అవ్వ ఆరాధనలో కన్నడ కీర్తన పాడి, ఇంటికి వచ్చి తెలుగులో ప్రార్థన చేసేది. దేవునికి రెండు భాషలూ వచ్చునని ఆమె నమ్మకము.

అది వానను నమ్ముకొన్న నేల. ఏడాది పొడవునా పారే నది ఆ జిల్లాలో లేదు. చెరువు నిండితే రాగి, వాన సరిగ్గా పడితే శెనక్కాయ, రెండూ లేకపోతే బెంగళూరుకు కూలిపని. అవ్వ ఇల్లు మట్టి గోడల రెండు గదులు. ముందు చిన్న అరుగు, పక్కన వేపచెట్టు, చెట్టు క్రింద ఇసుకలో కుదురుగా పెట్టిన నీళ్ల కుండ. ఆ కుండ మీద మూత, మూత మీద చెంబు ఎప్పుడూ ఉండేవి. దారిన పోయేవారు ఎవరైనా సరే, అరుగు దగ్గరకు వచ్చేలోపే అవ్వ గొంతు వినబడేది.

"యెవురప్పా అది? ఎండలో వస్తా ఉండారు. నీళ్లు తాగి పోండి."

చెంబు చేతికి ఇచ్చిన తరువాతనే ఎవరు, ఏ ఊరు అని అడిగేది. ఈ వరుసను నేను చిన్ననాడు పట్టించుకొనలేదు. పెద్దయిన తరువాతనే దాని విలువ తెలిసినది. మన పల్లెలలో పేరు అడిగితే ఊరు అడుగుతారు, ఊరు చెప్పితే ఏ వీధి అని అడుగుతారు, వీధి చెప్పితే కులము తెలిసిపోవును. అప్పుడు నీళ్లు ఇవ్వాలో వద్దో, ఇస్తే ఏ పాత్రలో ఇవ్వాలో నిర్ణయించుకొంటారు. అవ్వ ఆ వరుసను తలక్రిందులు చేసినది. నీళ్లు త్రాగిన మనిషి ఎవరైతే ఏమి, దాహము తీరినది కదా.

ఇప్పుడు ఆదికాండము 18వ అధ్యాయము చూడుడి. మమ్రే దగ్గర ఎండవేళ గుడారపు ద్వారమున కూర్చున్న అబ్రాహాము ముగ్గురు మనుష్యులను చూచి పరుగెత్తికొని పోయెను. వారు ఎవరో అతనికి అప్పటికి తెలియదు. మీరెవరని అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు. కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు, విశ్రమించుటకు చెట్టు నీడ, తినుటకు కొంచెము ఆహారము అని చెప్పెను. చెప్పినది కొంచెమే. పెట్టినది మాత్రము మెత్తని పిండి రొట్టెలు, లేతదూడ మాంసము, వెన్న, పాలు. తక్కువ చెప్పి ఎక్కువ పెట్టుట అతని మర్యాద. భోజనము వడ్డించి, తాను ఆ చెట్టు క్రింద నిలుచుండెను. వారు తిని ముగించిన తరువాతనే వారి నోటినుండి శారాకు కుమారుడు కలుగునను వాగ్దానము వెలువడినది. నీళ్లకు ముందే విచారణ పెట్టుకొని ఉంటే ఆ ఇల్లు ఏమి పోగొట్టుకొని ఉండునో ఆలోచించుడి.

అతిథి అను మాటకు మన పెద్దలు చెప్పే అర్థము తిథి లేనివాడు, అనగా చెప్పిన రోజున కాక చెప్పకుండా వచ్చువాడు. క్రొత్త నిబంధన గ్రీకులో ఆతిథ్యమునకు వాడిన మాట ఫిలోక్సెనియా. దాని అర్థము పరాయివానిని ప్రేమించుట. రోమా 12:13లో పౌలు ఉపయోగించినది ఈ మాటయే. బంధువులను పిలిచి విందు చేయుట మంచిదే, కాని ఆ మాటకు అర్థము అది కాదు.

2. రాని చుట్టపు ముద్ద

అవ్వ ప్రతి రాత్రి సంగటి కెలికేటప్పుడు ఇంటివారి లెక్కకు ఒక ముద్ద ఎక్కువ వేసేది. దానికి ఆమె పెట్టుకొన్న పేరు "రాని చుట్టపు ముద్ద". ఎవరైనా వస్తే వారికి. రాకపోతే తెల్లవారి దానిని మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ కొరుకుకొంటూ తానే తినేది. కరువు సంవత్సరములలో ముద్దలు చిన్నవి అయ్యేవి గాని లెక్క తగ్గేది కాదు. ఒకనాడు మా అమ్మ, "మనకే చాలనప్పుడు ఇంకొకటి ఎందుకమ్మా?" అని అడిగినది. "నా ముద్దలోనే గిల్లి పెట్టినాలే, నీదాంట్లో కాదు" అని అవ్వ జవాబు.

ఇందులో ఒక సంగతి గమనించవలెను. ఆతిథ్యము మనస్సుకు తోచినప్పుడు చేసే దయ కాదు. అది వంటలోనే ముందుగా లెక్క కట్టుకొనవలసిన పని. అతిథి వచ్చిన తరువాత వెదకుకొంటే ఏ ఇంటనైనా తక్కువే కనబడును. వచ్చుటకు ముందే ఒక భాగము ప్రత్యేకించిన ఇంటిలో పేదరికమున్నను చోటుండును.

సారెపతు విధవరాలి సంగతి చూడుడి. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. ఏలీయా అడిగినది మిగిలిన దానిలో కాదు, మొదటి రొట్టె. ఆమె ఇశ్రాయేలీయురాలు కూడ కాదు, సీదోను దేశస్థురాలు. దేవుని ప్రవక్తను కరువులో పోషించుటకు దేవుడు తన ప్రజలలో ఎవరినీ ఏర్పరచక, వెలుపలి స్త్రీని ఏర్పరచెను. ఈ సంగతిని యేసు ప్రభువు నజరేతు సమాజమందిరములో ఎత్తి చెప్పినప్పుడు (లూకా 4:25–29) అక్కడివారు ఎంత కోపము తెచ్చుకొన్నారో మనకు తెలుసు. మనవారు కానివారి చేత దేవుడు మనకు అన్నము పెట్టించునను మాట వినుటకు కష్టమే.

3. ఒక కరువు, రెండు సంఘములు

అవ్వకు ఈ అలవాటు ఎక్కడిది? మా ఇంట చెప్పుకొనే మాట ఒకటి ఉన్నది. అవ్వకు నాయనమ్మ అయిన ఆమె పెద్ద కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకొని కోలారు అనాథాశ్రమములో పెరిగినదట. ఆ కరువు 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును ఊపివేసినది. మైసూరు సంస్థానములో జనాభాలో సుమారు అయిదవ వంతు నశించిరని చరిత్రకారులు చెప్పుదురు. ఆ దినములలో కోలారులో మిస్ లూయిసా ఆన్‌స్టీ అను మిషనరీ దిక్కులేని పిల్లలను చేరదీసినది. 1890లో ఆ పని మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘము చేతికి వచ్చినది. 1910లో అదే కోలారులో మెథడిస్టు స్త్రీల మిషను ఎలెన్ థోబర్న్ కోవెన్ స్మారక ఆసుపత్రిని నెలకొల్పినది. మా అమ్మ పుట్టినది ఆ ఆసుపత్రిలోనే.

ఇప్పుడు మన చరిత్ర జ్ఞాపకము చేసికొనుడి. అదే కరువు, అవే సంవత్సరములు. ఒంగోలులో మన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి ఇప్పించెను. అన్నము కొరకు మతము అను మాట రాకూడదని, ఆ కరువు సహాయము జరిగిన సుమారు పదిహేను నెలలు ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. కరువు పని ముగిసి, ఇక ఇచ్చుటకు కూలిగాని ధాన్యముగాని లేదని తెలిసిన తరువాతను జనము వచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు.

కనుక కోలారు మెథడిస్టులును ఒంగోలు బాప్టిస్టులును ఒకే కరువులో ఆకలిగొన్నవారి సంతానము. వారి తాతలకు ఒకరు గంజి పోసిరి, మన తాతలకు మరొకరు కూలి ఇచ్చిరి. అవ్వ వేసే ఆ అదనపు ముద్ద వెనుక ఇది ఉన్నది. ఆమె దానిని ఉపకారము అనుకొనలేదు. తన నాయనమ్మ ఆకలికి ఎవరో పెట్టిన ముద్దను తిరిగి చెల్లించుట అనుకొన్నది.

క్లౌ దొరగారి నియమములో మరొక పాఠము కూడ ఉన్నది. ఆతిథ్యము ఎర కాకూడదు. అవ్వ ఎంతమందికి పెట్టినదో గాని, తిన్నవారిని గుడికి రమ్మని అడుగగా నేను వినలేదు. అడిగినవారికి మాత్రము తన ప్రభువును గూర్చి చెప్పేది. చేయి కడుగుకొనుటకు ముందు చెప్పేది కాదు.

4. తొక్క ఉన్న శెనక్కాయలు

నాకు పదేళ్ల వయస్సులో, అనగా 1975 ప్రాంతములో, వానకాలపు ఒక రాత్రి పాతపాళ్య దారిలో బస్సు చెడిపోయినది. అందులోని కొందరు వానకు తడుస్తూ అవ్వ అరుగు మీదికి వచ్చిరి. అవ్వ లాంతరు వెలిగించి, గోనెసంచులు పరచి, పొయ్యి రాజేసినది. మాది ఊరి వెలుపలి వీధి. ఆ రోజులలో పల్లెల టీ అంగళ్లలో మా వారికి వేరే గ్లాసు ఉండేది. త్రాగి మేమే కడిగి బోర్లించవలెను. ఆ సంగతి అరుగు మీది వారికి తెలుసు, అవ్వకు తెలుసు.

వారిలో ఒక పెద్దాయన వీధిని బట్టి ఇల్లు ఎవరిదో గ్రహించెను. సంగటి వద్దనెను, మజ్జిగ వద్దనెను, నీళ్లు కూడ వద్దనెను. ఆయన భార్య మాత్రము ఆయనకు వీపు త్రిప్పి కూర్చుండి మజ్జిగ త్రాగినది. నాకు ఒళ్లు మండినది. అవ్వ ఏమీ అనలేదు. లోపలికి పోయి చేటలో పచ్చి శెనక్కాయలు తెచ్చి ఆయన ముందు పెట్టినది.

"తొక్క ఉంది లేప్పా. లోపలి గింజకు నా చెయ్యి తగల్లేదు. వొలుచుకొని తిను, రాత్రంతా ఆకలితో కూసోవద్దు."

ఆయన చాలసేపు ఆ చేటవైపు చూచెను. తరువాత ఒక్కొక్కటి ఒలుచుకొని తినెను. తెల్లవారి మరొక బస్సు వచ్చినది, అందరును ఎక్కి పోయిరి. ఆయన మనస్సు మారినదని చెప్పుటకు నా యొద్ద ఆధారము లేదు. ఆయనను మేము మరల చూడలేదు. పాఠమునకు అనుకూలముగా కథకు ముగింపు కల్పించుట సరికాదు.

అయితే ఆ రాత్రి అవ్వ చేసినది సామాన్యమైన పని కాదు. ఆమె ఆయన పద్ధతికి తల వంచలేదు, దాని పేరు ఆయన ముఖము మీదనే పలికినది. పలికి కూడ ఆయనను ఆకలితో పండుకొననివ్వలేదు. అవమానమును దిగమ్రింగి నవ్వుట ఆతిథ్యము కాదు. అవమానించినవాని కడుపు మాడ్చుటయు ఆతిథ్యము కాదు.

గలతీయులకు 2వ అధ్యాయములో పేతురు అంతియొకయలో చేసిన పని చూడుడి. మొదట అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనము చేసెను. యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుదీసి వేరుపడెను. పౌలు దానిని చిన్న పొరపాటుగా వదలక, అందరి యెదుట గద్దించెను. అది సువార్త సత్యమునకు సంబంధించిన సంగతి అని ఆయన వ్రాసెను. ఎవరితో కూర్చుండి తింటున్నామో దానిని బట్టి మన ఉపదేశము నిజమో కాదో తెలియును. మన తెలుగు సంఘములలో ఒకే పాత్రలోనుండి ప్రభువు రసము త్రాగి, ఇంటికి పోయిన తరువాత పెండ్లి పిలుపులకు మాత్రము పాత వీధుల లెక్క చూచుకొనేవారు లేరా?

5. అవ్వను దాటిపోయిన పళ్లెము

ఇక వ్రాయుటకు నాకు కష్టమైన భాగము. మా నాన్న ఒంగోలు ప్రాంతమునుండి బెంగళూరుకు పని వెదకుకొంటూ వచ్చిన బాప్టిస్టు. నేను నాన్న సంఘములో పెరిగి, అక్కడే విశ్వసించి, నీటిలో మునిగి బాప్తిస్మము పొందినవాడను. నాకు పదిహేడేళ్ల వయస్సులో, జనవరి మొదటి ఆదివారమున అవ్వ మా ఇంటికి వచ్చియున్నది. మాతో గుడికి వచ్చి స్త్రీల వరుసలో కూర్చున్నది. ఆ దినము ప్రభురాత్రి భోజనము. ఒక పెద్ద లేచి, విశ్వసించి ముంచబడి సంఘములో చేర్చబడినవారే తీసికొనవలెనని ప్రకటించెను. అది ఆ సంఘపు నియమము. ఆయన తన పని చేసెను.

పళ్లెము వరుసలో వచ్చినది. అవ్వ దానిని రెండు చేతులతో అందుకొని, కొంగు తలమీదికి లాగుకొని, ఏమీ తీసికొనక పక్కనున్న ఆమెకు అందించినది. పాత్రలను కూడ అట్లే అందించినది. నేను ఎదుటి వరుసనుండి చూచుచుంటిని.

ఆ మధ్యాహ్నము మా ఇంట భోజనమునకు పెద్దలను పిలిచియుండిరి. వంట అవ్వదే. అది అనపకాయల కాలము. ఊరినుండి సంచి నిండ తెచ్చి, ముందు రాత్రి అంతా కూర్చుండి గింజలు నానబెట్టి పితికినది. పితికిపప్పు, సంగటి, ఊరుబిండి. పళ్లెము గూర్చి ప్రకటించిన పెద్దాయన మూడుసార్లు వడ్డించుకొనెను. అవ్వ విసనకఱ్ఱతో ప్రక్కన నిలిచి, ఇంకొంచెము అని బలవంతపెట్టుచునే యున్నది.

అందరు పోయిన తరువాత నేను అడిగితిని. "అవ్వా, నీకు కోపము రాలేదా?"

ఆమె గిన్నెలు తోముచు తలెత్తకుండ చెప్పినది. "ఆ బల్ల వాళ్లది కాదు నాయినా. నా సంగటి కుండా నాది కాదు. రెండూ ఆయనవే. వాళ్ల లెక్క వాళ్లు ఆయనకు చెప్పుకొంటారు. నా కుండకాడ మాత్రం నేనెవుర్నీ లేపలేదు."

ఈ సంగతి చెప్పుట మన సిద్ధాంతమును తప్పుపట్టుటకు కాదు. విశ్వాసి బాప్తిస్మమును గూర్చి నా మనస్సు మారలేదు. లేఖనములు చెప్పునది ముంచుటయేనని, అది విశ్వసించినవానికేనని నేటికిని బోధించుచున్నాను. ప్రభువు బల్ల యొద్ద ఎవరు కూర్చుండవలెనను విషయములో బాప్టిస్టు సంఘములు అన్నియు ఒకేవిధముగ నడుచుట లేదు. ప్రతి సంఘము ప్రార్థనాపూర్వకముగ తేల్చుకొనవలసినది అది. తరువాత సంవత్సరములలో నేనును ఆ పళ్లెము పట్టుకొని వరుసల మధ్య నడిచితిని. నడిచిన ప్రతిసారి ఆ రెండు చేతులు నాకు కనబడేవి.

నేను అడిగేది వేరు. ప్రభువు బల్లకు కంచె ఉండవలెనా అన్నది వాదించదగిన ప్రశ్న. మన భోజనపు బల్లకు కంచె వేయుమని ఏ లేఖనము చెప్పినది? ఒకదానికున్న నియమమును రెండవదానికి కూడ తెలియకుండ తగిలించుకొన్నామేమో పరీక్షించుకొనవలెను.

6. మనకు వడ్డించిన చేతులు

మనము స్వతంత్ర సంఘములమని చెప్పుకొందుము, నిజమే. కాని మన చరిత్రలో ఇతరుల వడ్డన ఎంత ఉన్నదో మరువకూడదు. ఒంగోలు ప్రాంతములో మాదిగలలో మొదటి విశ్వాసి ఎఱ్ఱగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందెను. తోళ్ల వ్యాపారమునకు ఉత్తరదిక్కుకు పోయినప్పుడు ఆయన సువార్త విన్నది బాప్టిస్టుల నోట కాదు. ఏలూరులోని ఆంగ్లికన్ మిషనరీ అలెగ్జాండర్ దొరగారి వంటివారి నోట.

సముద్రము దాటిన మన వారి సంగతియు అట్టిదే. 1860 మొదలుకొని 1911 వరకు కూలి ఒప్పందము మీద దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పోయిన వారిలో తెలుగు బాప్టిస్టులు కూడ ఉండిరి. వారిని విచారించుటకు నెల్లూరునుండి జాన్ రంగయ్య గారు 1903లో బయలుదేరి వెళ్లిరి. ఆ సంవత్సరము ముగియకముందే తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడినది కేర్స్‌నీ తేయాకు తోటలో. ఆ తోట యజమాని హ్యూలెట్ దొర మెథడిస్టు. ఒప్పంద కూలీల బ్రదుకు సుఖమైనదని చెప్పుటకు నేను సాహసించను. ఆ తోటలలో కన్నీళ్లు చాల ఉండెను. అయినను పరదేశములో మన సంఘము మొదట నిలిచిన నేల మరొకరిది.

మెథడిస్టుల ఆరంభము కూడ ఒక వంటింటిలో ఉన్నదని చెప్పవచ్చును. జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీ 1711–12 శీతకాలములో, భర్త లండనులో ఉండగా, ఎప్‌వర్త్ ఇంటి వంటగదిలో పిల్లలకు ఆదివారము సాయంకాలము వాక్యము చదివి వినిపించెడిది. ఇరుగుపొరుగువారు వచ్చి చేరగా అది ఇన్నూరు మంది వరకు పెరిగినది. అప్పటికి జాన్‌కు ఎనిమిదేళ్లు. తలుపు తీసియుంచిన ఆ ఇంటినుండి ఏమి బయలుదేరినదో లోకమెరుగును.

7. స్థిరపడిన సంఘములకు

ఇప్పుడు మన మాట. మన తాతలు, తండ్రులు వలస వచ్చినవారు. మనము స్థిరపడినవారము. గుడి కట్టుకొన్నాము, పేర్లు చెక్కించుకొన్నాము, కుర్చీలు ఎవరివో ఎవరికి తెలియును. వలస మాత్రము ఆగలేదు. బాగేపల్లి, చింతామణి వైపునుండి, అనంతపురమునుండి, పాలమూరునుండి తెలుగువారు నగరములకు వచ్చుచునే యున్నారు. కట్టుచున్న మేడల ప్రక్కన రేకుల గుడిసెలలో పండుకొని, ఆదివారము ఉతికిన చొక్కా వేసికొని మన గుడి వెనుక బల్లమీద కూర్చుండువారు వారే.

నా తప్పు ఒకటి ఒప్పుకొందును. కొన్నేండ్ల క్రిందట ఒక గారపని చేసే యువకుడు భార్యాబిడ్డలతో వరుసగా మూడు ఆదివారములు మా ఆరాధనకు వచ్చెను. మాట యాసను బట్టి మా అవ్వ వైపువాడని తెలిసినది. నేను గుమ్మము దగ్గర చేయి కలిపి పేరు అడిగితిని, ఊరు అడిగితిని, ఏ సంఘమని అడిగితిని. నీళ్లు త్రాగితివా అని అడుగలేదు. నాలుగవ ఆదివారము అతడు రాలేదు. అతని పేరు ఇప్పుడు నాకు జ్ఞాపకము లేదు. పేరు మాత్రమే అడిగి, అదియు మరచితిని. అవ్వ వాకిట పెరిగిన నేనే ఇట్లు చేసితినంటే, ఈ పాఠము తలకు తెలిసినంత సులువుగా చేతికి రాదని గ్రహించుడి.

యోహాను మూడవ పత్రికలో ఇద్దరు మనుష్యులు కనబడుదురు. గాయు పరదేశులైన సహోదరులను చేర్చుకొని, సాగనంపి, సంఘము యెదుట సాక్ష్యము పొందెను. దియొత్రెఫే సంఘములో ప్రధానత్వము కోరెను. వచ్చినవారిని తాను చేర్చుకొనలేదు, చేర్చుకొన మనస్సున్నవారిని కూడ ఆటంకపరచి వెలివేసెను. అతడు తప్పు సిద్ధాంతము బోధించెనని ఆ పత్రికలో లేదు. స్థిరపడిన సంఘమునకు వచ్చు ప్రమాదము ఇదే. సిద్ధాంతము సరిగానే ఉండును, తలుపు మాత్రము మూసియుండును.

ఏమి చేయవలెను? పెద్ద పథకములు అక్కరలేదు. లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పినట్లు తిరిగి పిలువలేని వారిని పిలుచుట మొదలుపెట్టవచ్చును. ప్రతి ఆదివారము ఒక్క ఇంటనైనా ఒక మనిషికి ఎక్కువ బియ్యము పోయవలెను. ఎవరు వచ్చెదరో ముందుగా తెలియనక్కరలేదు. గుమ్మము దగ్గర నిలుచు పెద్దలు ప్రశ్నలకు ముందు నీళ్ల గ్లాసు అందించుట అలవాటు చేసికొనవలెను. అందరికి ఒకే రకము గ్లాసు. కొత్తగా వచ్చిన కుటుంబమును నెల తిరుగకముందే ఎవరో ఒకరు ఇంటికి పిలువవలెను, వారి గుడిసెకు పిలిచినప్పుడు పోయి తినవలెను. ఈ చివరిది మరువకుడి. పెట్టుట మనకు గౌరవము; వారి చేతి అన్నము తినుట వారికి గౌరవము. ఎమ్మాయులో ప్రభువు అతిథిగా లోపలికి వచ్చి, బల్లయొద్ద తానే రొట్టె విరిచి ఇచ్చెను. అతిథి ఎవరో, ఇంటివారు ఎవరో ఆ బల్లదగ్గర మారిపోయెను.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. అబ్రాహాము అతిథులకు చెప్పినదేమి? పెట్టినదేమి? మన పిలుపులు దీనికి భిన్నముగా ఉండుట ఎప్పుడు?
2. సారెపతు విధవరాలు వెలుపలి స్త్రీ అగుట ఎందుకు ముఖ్యము? మన సంఘమునకు వెలుపలివారి ద్వారా దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పుడి.
3. అవ్వ పెద్దాయనకు తొక్కతోనున్న శెనక్కాయలు పెట్టుట సరియేనా? మీరు ఆ చోట ఉంటే ఏమి చేసెదరు?
4. పేతురు వేరుపడుట సువార్త సత్యమునకు సంబంధించినదని పౌలు ఎందుకు అనెను? నేడు మన పెండ్లి విందులలో, గృహ కూటములలో దీనికి సమానమైనది ఏది?
5. గత ఆరు నెలలలో మన గుడికి రెండు మూడుసార్లు వచ్చి మానివేసినవారి పేర్లు వ్రాయుడి. పేర్లు జ్ఞాపకము లేకపోతే దానిని గూర్చియే ప్రార్థించుడి.

ముగింపు

అవ్వ పోయినప్పుడు పాతపాళ్యకు పోయితిమి. మెథడిస్టు పాదిరిగారు సమాధి ఆరాధన జరిపిరి. ఊరి వెలుపలి వీధికి ఎన్నడు రాని కొందరు ఆ దినము వేపచెట్టు క్రింద నిలుచుండిరి. వారిలో ఎందరు ఆమె చెంబు నీళ్లు త్రాగిరో నేను లెక్కించలేదు. ఎండ తీవ్రముగా ఉండెను. మా అమ్మ ఏడ్చుచునే లోపలికి పోయి కుండ నింపి తెచ్చి, ఎవరెవరని అడుగక అందరికి చెంబు అందించినది.

ఆ రాత్రి ఇంటిలో ఉన్నది ఆరుగురము. అమ్మ ఏడు ముద్దలు చేసినది.

ప్రభువు మన ఇండ్లలో ఆ ఏడవ ముద్దను నిలుపునుగాక. ఆమేన్.